ఆ గడి ఖాళీగా ఉండకూడదట

మా బడ్జీ చిలుక చిట్టి ఒక గుడ్డు పెట్టి, మర్నాడు ఒళ్లు ఉబ్బించుకుని పంజరం అడుగున ముడుచుకుంది. రెండో గుడ్డు లోపల ఇరుక్కుందేమోనని టెన్షన్. పంజరం పట్టుకుని పక్షుల ఆసుపత్రికి పరిగెత్తాను.

కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్లోంచి తలెత్తకుండా "మగపక్షి పేరు?" అంది.

"లేదండీ."

"చచ్చిపోయిందా?"

"అసలు లేదు. ఇది ఒక్కతే ఉంటుంది."

"మరి గుడ్డు?"

హాలంతా నావైపు తిరిగింది. ఒళ్లో పావురంతో కూర్చున్న పెద్దాయనైతే కళ్లజోడు సర్దుకున్నారు. పరువు కోసం ఏదో దాస్తున్నానని అందరికీ అనుమానం.

ఇక ఊరుకోలేకపోయాను. గుడ్డుకి మగపక్షితో పనిలేదమ్మా, పిల్ల కావాలంటేనే పని, అని మొదలెట్టాను. వెలుతురు ఎక్కువసేపుండి, తిండి దండిగా దొరికి, గూడులాంటి మూల ఒకటి కనబడితే చాలు, అండాశయం మేలుకుంటుంది. అదీ ఎడమవైపుదే, చాలా పక్షుల్లో కుడిది ఎదగనే ఎదగదు. పచ్చసొన జారిపడ్డ కాసేపట్లోనే మగకణం కలవాలి. కలవకపోతే పని ఆగుతుందా? ఆగదు. తెల్లసొన చుట్టుకుంటుంది, పొరలొస్తాయి, కోడికైతే పెంకు కట్టడానికే దాదాపు 20 గంటలు. ఫారం కోళ్లు ఏ పుంజు మొహం చూశాయి?

పావురం పెద్దాయన ముందుకు జరిగారు. నాకు ఊపొచ్చింది. ఒంటరి పావురం ముందు అద్దం పెడితే అందులో తనని తాను చూసుకుని గుడ్డు పెట్టిందని 1939లోనే హారిసన్ మాథ్యూస్ అనే శాస్త్రవేత్త చూపించాడు. రక్తప్రసరణ గుట్టు విప్పిన విలియం హార్వే అంతటివాడు, భార్య పెంచుకున్న చిలుకని మగదే అనుకున్నాడు. అది చచ్చాక కోసి చూస్తే లోపల గుడ్డు! మా చిట్టికీ పంజరంలో ఓ అద్దం ఉంది, కావాలంటే దాని పేరు రాసుకోండి, అన్నాను.

అమ్మాయి అంతా ఓపిగ్గా విని, "సరేనండీ, కానీ ఆ గడి నింపకపోతే సిస్టమ్ ముందుకెళ్లదు" అంది.

"లేదు" అని కొట్టమన్నాను. మూడక్షరాలకి తగ్గకూడదట. "ఎవరూ లేరు" అని కొట్టమన్నాను. కొట్టింది. "ఆయన ఫోన్ నంబరు?" అంది.

"ఏదో ఒకటి చెప్పండి సార్, మా కోడి ఆయాసపడుతోంది" అని వెనకనుంచి ఎవరో.

నా పేరు, నా నంబరు చెప్పాను.

డాక్టర్ పొట్ట తడిమి చూసి, ఏమీ ఇరుక్కోలేదన్నారు. కాల్షియం రాశారు. అద్దం తీసేయమని, సాయంత్రం తొందరగా పంజరం మీద గుడ్డ కప్పమని, గుడ్డు మాత్రం తియ్యొద్దని చెప్పారు. తీస్తే లెక్క సరిచేయడానికి ఇంకోటి పెడుతుందట, విసుగొచ్చేదాకా పొదగనివ్వమన్నారు.

హాల్లోకి వచ్చేసరికి మైకులో పిలుస్తున్నారు: "చిట్టి తాలూకు మగపక్షి ఎవరండీ? బిల్లు కట్టాలి."

వెళ్లి కట్టాను.