కొన్నామా, అద్దెకు తెచ్చుకున్నామా?

రాత్రి 180 రూపాయలు పెట్టి ఓ తెలుగు ఈ-బుక్ కొన్నాను. తెరిస్తే ఏముంది? పాత పుస్తకానికి ఫోటోలు తీసి అతికించారు! అక్షరం పెద్దది చేద్దామని వేళ్లతో లాగితే సగం వాక్యం స్క్రీన్ బయటికి పోతోంది. ఇంకోదాంట్లో ఒత్తులు ఊడొచ్చి పక్కన కూర్చున్నాయి. ‘అమ్మ’ కాస్తా ‘అమ్ మ’ అయింది. అమ్మేముందు ఒక్క పేజీ అయినా చదివి చూడరా?

పోనీ, చదివాక అక్కకిద్దామంటే ఈ-బుక్ చదివే పరికరం, అంటే రీడరే ఇచ్చేయాలి. అసలు అది మనదైతే కదా! 2009లో అమెజాన్, జనం డబ్బిచ్చి కొనుక్కున్న ఆర్వెల్ ‘1984’ని వాళ్ల కిండిల్ రీడర్స్‌లోంచి చెప్పాపెట్టకుండా తుడిచేసింది. హక్కులు లేనివాళ్లు అమ్మారట. డబ్బు వెనక్కిచ్చారులెండి. కానీ నిఘా మీద రాసిన నవలే దొరికిందా, మాయం చేయడానికి?