పంచె కోసం చట్టం వచ్చింది, మరి అమ్మాయిల సంగతి?

2014 జులైలో చెన్నై చేపాక్‌లోని క్రికెట్ సంఘం క్లబ్బులో ఒక పుస్తకావిష్కరణ జరిగింది. అతిథిగా వచ్చిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి హరిపరంథామన్‌ను సిబ్బంది గుమ్మంలోనే ఆపేశారు. ఆయన పంచె కట్టుకొని రావడమే కారణం. నెల తిరిగేసరికి జయలలిత ప్రభుత్వం శాసనసభలో ఒక చట్టం చేసింది. పంచెనో, మరో భారతీయ సంప్రదాయ వస్త్రాన్నో సాకుగా చూపి ఎవరినైనా అడ్డుకుంటే ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల వరకు జరిమానా, పైగా క్లబ్బు లైసెన్సు రద్దు. ప్రతిపక్షాలు కూడా క్లబ్బు తీరును ఖండించాయి. అది మంచి చట్టం. గోచీ పోసి పంచె కట్టుకునే మన తెలుగు పెద్దలకు కూడా అది వర్తిస్తుంది.

ఒక వస్త్రం గౌరవం కోసం ఒక రాష్ట్రం ఇంత వేగంగా కదిలిందంటే అక్కడ ఆ వస్త్రానికి ఉన్న బలం అలాంటిది. ఎన్నికల వేళ టి.నగర్‌లోని పంచెల దుకాణంలో కాసేపు నిలబడితే అది కళ్లకు కడుతుంది. నూలు ఒకటే, తెలుపు ఒకటే. అంచులో నలుపు, ఎరుపు పట్టీలుంటే డీఎంకే, వాటి నడుమ తెల్ల పట్టీ చేరితే అన్నాడీఎంకే. పెరియార్ అనుచరుల నల్లచొక్కా, ఎంజీఆర్ తెల్ల టోపీ, కరుణానిధి పసుపు శాలువా ఈ నగరానికి తెలియనివి కావు. దశాబ్దాల పాటు ఇక్కడే నటుడిగా వెలిగిన ఎన్టీఆర్ 1982లో పార్టీ పెట్టి ఖాకీ దుస్తుల్లో చైతన్యరథం ఎక్కారు, ముఖ్యమంత్రి అయ్యాక కాషాయం కట్టారు. వీళ్లంతా మగవాళ్లు. ఏం కట్టుకోవాలో తామే ఎంచుకున్నారు, ఆ ఎంపికతోనే జనానికి ఏదో చెప్పారు. దుస్తుల రాజకీయం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఇక్కడే ఆగిపోతాం. ఎంచుకునే అవకాశం లేనివాళ్ల ఒంటి మీద జరిగిన రాజకీయం ఇంతకంటే చాలా పెద్దది.

ఆ చరిత్రకు కూడా మద్రాసే సాక్షి. 1805 నవంబరులో మద్రాసు సైన్యాధిపతి జాన్ క్రాడక్ హయాంలో సిపాయిలకు కొత్త నిబంధనలు వచ్చాయి. కవాతులో నుదుట బొట్టూ నామాలూ ఉండకూడదు, గడ్డం తీసేయాలి, మీసం నిర్ణయించిన తీరులోనే ఉండాలి, తోలు తురాయి ఉన్న కొత్త తలపాగా పెట్టుకోవాలి. కాదన్న సిపాయిలను మద్రాసుకు తరలించి కొరడా దెబ్బల శిక్ష వేశారు. 1806 జులై 10 తెల్లవారుజామున వెల్లూరు కోట భగ్గుమంది. వందల మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ ఆ నిబంధనలను రద్దు చేసి, క్రాడక్‌నూ గవర్నర్ బెంటింక్‌నూ వెనక్కి పిలిపించింది. టిప్పు కుటుంబం ఆ కోటలోనే ఉండడం, జీతాల మీద అసంతృప్తి వంటి కారణాలూ ఉన్నాయి. అయినా నిప్పు రాజేసింది తలపాగా. క్రమశిక్షణ పేరుతో వచ్చిన ఆజ్ఞను సిపాయి తన దేహాన్ని లాక్కోవడంగా అర్థం చేసుకున్నాడు, సరిగ్గానే అర్థం చేసుకున్నాడు.

అంతకు చాలా ముందే మన కోస్తా బట్ట లండన్‌లో ఇలాంటి గొడవకు కేంద్రమైంది. మచిలీపట్నం, మద్రాసు రేవుల నుంచి వెళ్లిన అద్దకం బట్టల మీద అక్కడి ఆడవాళ్లు మనసు పడ్డారు. తమ ఉపాధి పోతోందని పట్టు, ఉన్ని నేతగాళ్లు 1719లో వీధుల్లో ఆ బట్ట కట్టిన స్త్రీల మీద పడి దుస్తులు చింపేశారు. పార్లమెంటు 1721లో అద్దకపు నూలు బట్టలు ధరించడాన్నే నిషేధించి, ధరించినవారికి 5 పౌండ్ల జరిమానా పెట్టింది. దిగుమతి చేసుకొని లాభపడింది కంపెనీ, వీధిలో అవమానపడింది స్త్రీ.

నేటి కేరళ దక్షిణ భాగంలోని తిరువాన్కూరు సంస్థానం కథ మరీ బాధాకరం. అక్కడ తక్కువ కులంగా చూసిన నాడార్ల స్త్రీలు ఛాతీ కప్పుకోకూడదన్నది కట్టుబాటు. దశాబ్దాల పాటు వాళ్లు దాన్ని ధిక్కరించారు, దాడులు భరించారు. చివరకు మద్రాసు గవర్నర్ చార్లెస్ ట్రెవిలియన్ ఒత్తిడితో 1859 జులైలో రాజప్రకటన వెలువడింది. దాన్ని జాగ్రత్తగా చదవాలి. రవిక వేసుకోవచ్చు, ముతక బట్టతో ఛాతీ కప్పుకోవచ్చు, కానీ అగ్రకులాల స్త్రీలు కప్పుకునే తీరులో మాత్రం కాదు. చేయి వదిలినట్టే వదిలి, మణికట్టు దగ్గర పట్టుకోవడం ఇది. 1930లో రామనాథపురం జిల్లాలో ఆధిపత్య కులం వాళ్లు దళితులకు విధించిన ఆంక్షల్లోనూ ఇవే కనిపిస్తాయి. మగవాళ్ల బట్ట మోకాలు దాటకూడదు, ఆడవాళ్లు పైబట్ట వేసుకోకూడదు, బంగారం పెట్టుకోకూడదు.

ఈ నేపథ్యంలో చూస్తేనే గాంధీ కొల్లాయి, అంబేడ్కర్ సూటు రెండూ సరిగా అర్థమవుతాయి. 1921 సెప్టెంబరులో మద్రాసు నుంచి మదురై వెళ్తున్న గాంధీ రైల్లో విదేశీ బట్టలు తొడుక్కున్న జనంతో మాట్లాడారు. ఖద్దరు కొనే స్తోమత తమకు లేదని వాళ్లు బదులిచ్చారు. 22న మదురైలో ఆయన కొల్లాయికి మారారు. నిండు వస్త్రాలు వదులుకోవడం ఆయనకు త్యాగం. నిండు వస్త్రం కట్టినందుకే తన్నులు తిన్న సమాజం నుంచి వచ్చిన అంబేడ్కర్‌కు వదులుకోవడంలో గొప్పేమీ లేదు. ఆయన సూటు వేసుకున్నారు, టై కట్టుకున్నారు. హైదరాబాద్‌లో, విజయవాడలో నిలిపిన 125 అడుగుల విగ్రహాల నుంచి పల్లె కూడలిలోని సిమెంటు బొమ్మ దాకా ఆయన సూటులోనే నిలబడి ఉండడాన్ని పాశ్చాత్య మోజుగా కొట్టిపారేసేవాళ్లు రామనాథపురం ఆంక్షలను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇతర దేశాలకు వస్తే ఇరాన్ ఒక్కటి చాలు. 1936లో రెజా షా స్త్రీల ముసుగును నిషేధించాడు, పోలీసులు వీధుల్లో చాదర్లు లాగేశారు. 1979 విప్లవం తర్వాత వచ్చిన పాలకులు అదే ముసుగును తప్పనిసరి చేశారు. తల కప్పుకోవడంలో నిబంధన పాటించలేదని పట్టుబడిన మహ్సా అమీని 2022 సెప్టెంబరులో పోలీసు నిర్బంధంలో ఉండగా మరణించింది. ఒకరిది ఆధునికత, మరొకరిది ధర్మం. ఆ రెండింటికీ నలిగింది స్త్రీయే. ఫ్రాన్స్ 2004లో ప్రభుత్వ పాఠశాలల్లో మతచిహ్నాలను నిషేధించినప్పుడు, 2023లో ముస్లిం బాలికలు వేసుకునే పొడవాటి వదులు గౌను అబాయాను కూడా ఆ జాబితాలో చేర్చినప్పుడు, లౌకికత్వం పేరు చెప్పారు. లౌకికత్వం నాకు ప్రాణసమానమైన విలువ. ఒక బాలికను గేటు బయట నిలబెట్టి దాన్ని కాపాడవచ్చని మాత్రం నేను నమ్మను.

2022లోనే, మహ్సా అమీని మరణానికి కొద్ది నెలల ముందు, మన పొరుగున కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న విద్యార్థినుల మొహం మీదే గేట్లు మూశారు. యూనిఫాం తప్పనిసరి చేసిన ప్రభుత్వ ఉత్తర్వును హైకోర్టు మార్చిలో సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం రెండుగా చీలింది. యూనిఫాం ఉండాలనే వాదనలో న్యాయం ఉంది. పేదింటి పిల్లవాడి చిరుగు చొక్కాను అది కప్పుతుంది, తరగతిలో తలెత్తుకు కూర్చోనిస్తుంది. పిల్లలందరినీ తరగతిలోకి తేవడానికి పుట్టిన ఏర్పాటును కొందరిని బయటికి పంపడానికి వాడుకుంటే దాని ప్రయోజనమే తిరగబడుతుంది.

ఇక చెన్నైకి తిరిగి వస్తాను. మా చెల్లెలి కూతురు నగర శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చదువుతోంది. అక్కడ జీన్స్ కూడదు, లెగ్గింగ్స్ కూడదు. కుర్తా మోకాలి కిందకు దిగాలి. దుపట్టాను రెండు భుజాల మీదా పిన్నులతో బిగించాలి. పొద్దున బస్సు దిగగానే గేటు దగ్గర ఒకామె భుజాలు తడిమి చూస్తుంది. పిన్ను ఊడి ఉంటే పక్కన నిలబెట్టి గుర్తింపు కార్డు తీసేసుకుంటారు, మొదటి తరగతి పోయినట్టే. అందుకే ఆ పిల్ల బ్యాగులో పుస్తకాల పక్కన ఒక చిన్న డబ్బా నిండా పిన్నులుంటాయి, తనకే కాకుండా స్నేహితురాళ్లకూ పనికొస్తాయని. “హాల్ టికెట్ మరిచిపోతే ఇంకొకటి ఇస్తారు పెద్దమ్మా, పిన్ను మరిచిపోతే మాత్రం ఇంటికి పొమ్మంటారు” అంది ఒకసారి. అబ్బాయిలకూ నిబంధనలున్నాయి, చొక్కా టక్ చేయాలి, గడ్డం గీసుకోవాలి. కానీ వాళ్లను ఎవరూ తడిమి చూడరు. ఇలాంటి కళాశాలలు చెన్నై చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఫీజు కట్టే తల్లిదండ్రుల్లో మన తెలుగువాళ్లు ఎంతోమంది. క్రమశిక్షణ బాగుందని మెచ్చుకునేవాళ్లే ఎక్కువ.

క్లబ్బుల దుస్తుల నిబంధనలను నిరంకుశత్వమని జయలలిత సభలో నిందించారు. సెయింట్ జార్జ్ కోటలోని ఆ సభే ఇప్పుడు ఇంకో చట్టం చేయాలి. విద్యార్థి దుస్తుల మీద కళాశాల పెట్టే ప్రతి నిబంధననూ ముందుగా రాతపూర్వకంగా, కారణంతో సహా ప్రకటించాలి. అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకే కొలత ఉండాలి. దుస్తుల సాకుతో తరగతికో పరీక్షకో రానివ్వకపోతే, పంచె విషయంలో క్లబ్బుకు వేసే జరిమానానే కళాశాల యాజమాన్యానికీ వేయాలి. గేటు దగ్గర అమ్మాయిల ఒంటి మీద చెయ్యి వేసే తనిఖీ ఆ చట్టం కోసం ఎదురుచూడకుండా రేపే ఆగిపోవాలి.