స్వెట్టరు గారి శీతాకాల విడిది

రాష్ట్రపతి గారు శీతాకాల విడిదికి బొల్లారం వచ్చే రోజుల్లోనే, కాస్త అటూ ఇటూగా, మా ఇంట్లో స్వెట్టరు గారు కూడా అటక మీదినుంచి కిందికి వేంచేస్తారు. ఏర్పాట్లలో పెద్ద తేడా ఉండదు. అక్కడ రోడ్లు ఊడుస్తారు, ఇక్కడ అటక కింద మంచం జరుపుతారు. అక్కడ ప్రోటోకాల్ అధికారులుంటారు, ఇక్కడ మా ఆవిడ ఉంటుంది. బస రెండుచోట్లా కొద్ది రోజులే. అక్కడ ముందు పైలట్ వాహనం నడుస్తుంది, ఇక్కడ ముందు కలరా ఉండల వాసన నడుస్తుంది.

మాది బెజవాడ. ఎండకు జడిసి దీన్ని బ్లేజువాడ అన్న పుణ్యాత్ముల మాట ఇంకా చెల్లుబాటులోనే ఉంది. ఇలాంటి ఊళ్ళో చలికాలపు బట్టలనే శాఖ ఒకటి ఎందుకని అమాయకులెవరైనా అడగవచ్చు. కొన్ని శాఖలు పుట్టాక పని వెతుక్కుంటాయి, అంతే. వాతావరణ శాఖ లెక్కలో తీరప్రాంతానికి చలిగాలులు వచ్చాయనాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు గానీ అంతకంటే కిందికి గానీ దిగాలి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. మా అమ్మ లెక్కలో పాలబ్బాయి తలకు మఫ్లరు చుట్టుకొస్తే చాలు. మా ఇంట్లో చెల్లేది రెండో లెక్క.

పాలబ్బాయి మఫ్లరుతో కనబడిన రోజే ఫైలు కదులుతుంది. "ఒరే అబ్బాయ్, పెట్టె దింపరా" అని అమ్మ అంటుంది. "ఆదివారం చూద్దాం" అని నేనంటాను. ఆదివారం స్టూలు ఉండదు, పక్కింటివాళ్ళు ఫ్యాను తుడవడానికి పట్టుకెళ్ళి ఉంటారు. పై ఆదివారం స్టూలు ఉంటుంది, తాళంచెవి ఉండదు. ఆ పై ఆదివారం బంగాళాఖాతంలో అల్పపీడనం, ముసురు, పెట్టె దింపినా ఎండలో వేయడానికి ఎండ ఉండదు. ఇన్ని అభ్యంతరాలు దాటుకుని పెట్టె నేలకు దిగేసరికి ధనుర్మాసం సగమవుతుంది. బట్టలు రెండు రోజులు డాబా మీద ఎండాలి. ఈలోగా భోగి. తర్వాత రథసప్తమి, సూర్యుడు రథం తిప్పుకుంటాడు. శివరాత్రికి చలి "శివశివా" అని వెళ్ళిపోతుందని పెద్దలన్నారు. మా స్వెట్టరు దాన్ని వీధి మలుపు దాకా సాగనంపి వస్తుంది.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. ఆకుపచ్చ రంగేసిన ఇనుప ట్రంకు పెట్టె. మూత మీద తెల్లరంగుతో మా నాన్నగారి పేరు, కింద 'విజయవాడ' అని ఉంటుంది. 'డ' అక్షరం దగ్గర రంగు అయిపోయినట్టుంది, సన్నగా పోయింది. తెరిస్తే పైన పాత నూలు పంచె. దాని కింద రెండు స్వెట్టర్లు, నాన్నగారి గళ్ళ మఫ్లరు, ఎవరు వేసుకున్నా ఒకే మనిషిలా కనబడే మంకీ క్యాపు, జత తప్పిన ఊలు గ్లౌజు ఒకటి, అమ్మ కశ్మీరు శాలువా. ఆ శాలువా నాంపల్లి నుమాయిష్‌లో కొన్నది. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్ ఏటా జనవరి ఒకటిన తెరుస్తారు. మనవాళ్ళు చుట్టాలింట్లో దిగి, తీరుబడిగా వెళ్ళి, జెయింట్ వీల్ ఎక్కి, మిర్చి బజ్జీ తిని, బేరమాడి శాలువా కొని ఇంటికొచ్చేసరికి మామిడి పూత మీద ఉంటుంది. అందుకే అది దుకాణం నుంచి తిన్నగా పెట్టెలోకి వెళ్ళింది. మనిషి భుజం చూడటానికి దానికి పదకొండు నెలలు పట్టింది.

స్వెట్టర్లు మాత్రం రోడ్డు పక్క టెంటులో కొన్నవి. మనం ఆ దుకాణాల్ని "నేపాలీ వాళ్ళవి" అనేస్తాం. అమ్మేవాళ్ళలో చాలామంది టిబెటన్లు, 1959 తర్వాత మన దేశానికి తరలివచ్చిన కుటుంబాలవాళ్ళు. సరుకులో చాలా భాగం లూధియానాది. టిబెటువాళ్ళు పంజాబు సరుకును బెజవాడలో అమ్ముతుంటే నేపాలీ స్వెట్టరని కొనుక్కుని ఏడాది పొడుగునా ఆంధ్రా అటక మీద దాచుకుంటాం. జాతీయ సమైక్యత మీద వ్యాసరచన పోటీలు పెట్టేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

ఇక కలరా ఉండలు. వీటికీ కలరాకీ ఏ సంబంధమూ లేదు. ఇవి నాఫ్తలీన్. కరిగి నీరవకుండా గట్టిపదార్థం నుంచి నేరుగా ఆవిరైపోతాయి. డిసెంబరులో పెట్టె తెరిస్తే ఫిబ్రవరిలో వేసిన గోలీకాయంత ఉండ మిరియపు గింజంతై కనబడుతుంది. మిగతాది ఎక్కడికి పోయిందంటే, స్వెట్టరులోకి. అది వేసుకుని మొన్న రైతుబజారుకు వెళ్ళాను. బీరకాయలమ్మే ఆవిడ ఒకడుగు వెనక్కి జరిగి, "ఏం బాబూ, ఇప్పుడే తీశారా పెట్టెలోంచి?" అంది. స్వెట్టరు గురించే అడిగిందని అనుకుంటున్నాను. ఒక్క మాట మాత్రం వేళాకోళం లేకుండా చెబుతాను. ఈ వాసన పట్టిన బట్టలు పసిపిల్లలకు తొడగకూడదు. జి6పీడీ ఎంజైము లోపం ఉన్న బిడ్డలకు ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయి. పిప్పరమెంటు అనుకుని నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో ఆ ఉండలు అసలు ఉండకపోవడమే మేలు.

ఇంత కాపలా ఏ శత్రువు మీద అన్నది విచారించదగ్గ విషయం. బట్టల్ని కొరికేది రెక్కల చిమ్మట అనుకుంటాం. రెక్కలొచ్చిన చిమ్మట ఏమీ తినదు, తినేదంతా అది పెట్టిన గుడ్లలోంచి వచ్చిన పురుగు. ఆ పురుగుకు కావలసింది ఊలు, పట్టు, బొచ్చు, అంటే జంతువునుంచి వచ్చిన సరుకు. మనం టెంటులో బేరమాడి తెచ్చిన స్వెట్టరు చాలాసార్లు ఆక్రిలిక్, అంటే ఒక జాతి ప్లాస్టిక్కు. దాన్ని పురుగు ముట్టదు. పురుగు కూడా వద్దన్న వస్తువుకు డజను కలరా ఉండల బందోబస్తు పెడతాం. నిజంగా పురుగు నోరూరే కంచిపట్టు మాత్రం బీరువాలో ప్లాస్టిక్ కవరులో చెమటలు కక్కుతూ పడుంటుంది. దానికి కావలసింది పాత నూలుగుడ్డలో చుట్టి ఉంచడం, మూణ్ణెల్లకోసారి మడత మార్చడం. మార్చకపోతే మడత దగ్గరే చిరుగుతుంది. మా ఇంట్లో మడతలు మారేది పెళ్ళిపత్రిక వచ్చినప్పుడే.

ఇంకో ఘనకార్యం ఉంది. వేసవి పోగానే మంగళగిరి నేత చీరలూ నా పంచెలూ ఉతికి, చిక్కటి గంజి పెట్టి, ఫెళఫెళలాడేలా ఇస్త్రీ చేసి వానాకాలానికి లోపల సర్దుతాం. వెండిరంగులో జరజరా పాకే పురుగుకు గంజి అంటే ప్రాణం. అంటే వచ్చే నాలుగు చెమ్మ నెలలకూ దానికి మనమే అన్నం వార్చి, మడతపెట్టి, తలుపేసి వస్తున్నామన్నమాట. ఇటు స్వెట్టరునేమో "ఒక్కసారేగా వేసుకున్నాం" అని ఉతక్కుండానే పెడతాం. నిజమైన ఊలైతే చెమటా కూర మరకా ఉన్నచోటే పురుగు మొదలెడుతుంది. ఉతకాల్సింది ఉతకం, గంజి పెట్టకూడనిది గంజి పెడతాం. తర్వాత చిల్లు చూసి, "ఈ రోజుల్లో గుడ్డే బాగుండటం లేదండీ" అంటాం.

బీరువా గురించి ఎక్కువ మాట్లాడితే ఇంట్లో గొడవలవుతాయి. అయినా ఒక్కటి. మొన్న అరలు ఖాళీ చేస్తుంటే అడుగున పరిచిన దినపత్రిక 2014 జూన్ నాటిదని తేలింది. రాష్ట్రం రెండై అప్పటికి కొద్దిరోజులే. మా బీరువా విభజన అంతకు చాలా ముందే జరిగిపోయింది. నా వాటాకు కింది అరలో ఎడమవైపు మూల వచ్చింది, అందులోనూ ఇంటి పన్ను రసీదులు ఉమ్మడి ఆస్తిగా కొనసాగుతున్నాయి. హామీలు చాలా ఇచ్చారు. అమలు గురించి అడిగితే, "ఏవండీ, మీకున్నవే నాలుగు చొక్కాలు" అని సమాధానం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కాలానికి తగ్గట్టు బట్టలు మార్చుకుంటామని మనం చెప్పుకుంటాం గానీ, మన బీరువాకు ఋతువులతో పనిలేదు. అది నడిచేది పంచాంగం మీద, అందులోనూ ముహూర్తాల పేజీ మీద. కావాలంటే చూడండి. ఏడాదిలో చలి గట్టిగా ఉండేది ధనుర్మాసంలో. ఆ నెల రోజులూ పెళ్ళిళ్ళుండవు. అంటే పట్టుచీరకు, కోటుకు, జరీ పంచెకు ఎంతో అనువైన ఆ నెలలో వాటిని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. వైశాఖం రాగానే ముహూర్తాలు పొంగుతాయి. బయట 42 డిగ్రీలు. పెళ్ళికొడుకు రిసెప్షనుకు మూడు పీసుల సూటు, మెడకు టై. పెళ్ళికూతురికి మోయలేనంత జరీ. కూలరు ఫొటోగ్రాఫరు వైపు తిరిగి ఉంటుంది. నా సూటు అలాగే మే నెలలో కుట్టించారు, మే నెలలోనే మూడు గంటలు వేసుకున్నాను, ఆ తర్వాత అది నాకు సరిపోలేదు. సూటు అనేది తెలుగువాడికి ఎండాకాలపు దుస్తు అని పాఠ్యపుస్తకాల్లో చేర్చాల్సిన సమయం వచ్చింది.

చలి చూపించి మరీ ఆ బట్టలకు న్యాయం చేద్దామన్నవాళ్ళూ ఉన్నారు. మా పక్కింటాయన పోయిన ఏడాది నాలుగు కొత్త స్వెట్టర్లు కొని, అవి వృథా కాకూడదని కుటుంబాన్ని లంబసింగి తీసుకెళ్ళాడు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి దగ్గర ఉంది ఆ ఊరు. చలికి బయట ఉన్నవాడు కొర్రులా బిగుసుకుపోతాడని కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. ఆ చలీ మంచూ చూడాలంటే తెల్లారకముందే అక్కడుండాలి. వీళ్ళు దారిలో ఇడ్లీకి ఆగి, చట్నీ బాగుందని మళ్ళీ ఆగి, పదిన్నరకు చేరారు. ఎండ పెళపెళా కాస్తోంది. నలుగురూ స్వెట్టర్లు తొడుక్కుని, చెమటలు తుడుచుకుంటూ ఫొటో దిగి వచ్చారు. ఫొటోలో మంచు లేదుగానీ స్వెట్టర్లు స్పష్టంగా ఉన్నాయి.

మా అమ్మాయి చికాగోలో ఉంటుంది. అక్కడ ఋతువులు మాట మీద నిలబడతాయట. జనవరిలో కోటు లేకుండా గడప దాటితే ప్రాణం మీదికొస్తుంది. ఇక్కడ జనవరిలో కోటు వేసుకుని గడప దాటితే పరువు మీదికొస్తుంది. మేమిద్దరం వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చాం. వెళ్ళేటప్పుడు తలా రెండు సూట్‌కేసులు, ఒక్కోటీ 23 కిలోలు, నిండా ఆవకాయ, కందిపొడి, గోంగూర. వచ్చేటప్పుడు అవే సూట్‌కేసుల నిండా జాకెట్లు. మనకు తెలిసిన జాకెట్టు కాదు, దుప్పటికి చేతులు కుట్టి జిప్పు పెట్టినట్టుంటాయి. "నాన్నా, మళ్ళీ వస్తారుగా, అక్కడే ఉంచండి" అంది. మళ్ళీ వెళ్ళేదాకా అవి మా బీరువాలో ఉండాలి, మా బట్టలు కుర్చీల మీద ఉండాలి.

దానికి ఉపాయం కూడా తనే పంపింది. గాలి లాగేసే ప్లాస్టిక్ సంచులు. నాలుగు జాకెట్లూ, అమ్మ పాతచీరలతో కుట్టిన బొంతా ఒకే సంచిలో కుక్కి, చేతిపంపుతో గాలి లాగాం. కళ్ళ ముందే అంత మూటా అప్పడమైంది. అమ్మ నోటిమీద వేలేసుకుంది. బీరువాలో నిలబెట్టి తలుపు నెట్టి పడుకున్నాం. రాత్రి రెండింటికి ధబ్బున చప్పుడు. దొంగ అనుకుని నేను గొడుగు పట్టుకుని లేచాను. బీరువా తలుపు బార్లా తెరుచుకుని ఉంది, సంచి నూనెలో వేసిన పూరీలా పొంగి సగం బయటికొచ్చి నిలబడింది. ఎక్కడో సూదిమొనంత చిల్లు. "చూశావా, బొంతకు ఊపిరాడలేదురా" అంది అమ్మ. మా ఆవిడ ఏమీ అనకుండా సంచి విప్పి, బొంత తీసుకెళ్ళి కప్పుకుని పడుకుంది. ఫ్యాను మాత్రం అయిదు మీదే ఉంది.

కనుక ప్రభుత్వం వారికి మనవి చేసేదేమంటే, చలికాలాన్ని జీవో ద్వారా ప్రకటించాలి. కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లేకుంటే స్టూలు దొరకదు. ఆ పదిహేను రోజుల్లోనే పెట్టె దింపుట, ఎండలో వేయుట, వాసన పోగొట్టుట పూర్తి కావాలి. సాధ్యమైతే ధనుర్మాసానికి నాలుగైదు ముహూర్తాలు కేటాయించమని పండితులతో మాట్లాడాలి, పెళ్ళికొడుకులు బతికి బట్టకడతారు. స్వెట్టరు చినిగితే నష్టపరిహారం అక్కర్లేదు. ఇంతవరకూ ఎవరి స్వెట్టరూ చినిగేంత వాడుకలో లేదు.

తా.క.: ఇది రాసేటప్పటికి శివరాత్రి వెళ్ళి వారమైంది. నిన్ననే అన్నీ మడతపెట్టి, కొత్త కలరా ఉండలు వేసి, పెట్టె అటకెక్కించాను. పొద్దున అకాల వర్షం. పాలబ్బాయి మఫ్లరు చుట్టుకొచ్చాడు. అమ్మ వాణ్ణి చూసి, తర్వాత అటక వైపు చూసి, తర్వాత నా వైపు చూస్తోంది. స్టూలు పక్కింట్లో ఉంది.