దగ్గరి చేతికి టెండర్‌లో మార్కుల్లేవు

మా పాలమూరు వైపు ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో మా మేనకోడలికి నెలలు నిండకుండా కాన్పు అయింది. బిడ్డను పెట్టిన గదిలో మూడు బేబీ వార్మర్లు ఉన్నాయి. రెండు నడుస్తున్నాయి. మూడోదాన్ని గోడవారకు జరిపి దాని మీద దుప్పట్లు పేర్చారు. అదేమైందమ్మా అని స్టాఫ్ నర్సును అడిగితే, "ప్రోబ్ పోయింది సార్. కంపెనీకి చెప్పి నాలుగు నెలలైంది" అంది. ప్రోబ్ అంటే బిడ్డ పొట్ట మీద అంటించే సన్నటి తీగ. ఒంటి వేడి ఎంతుందో అది చెబితేనే యంత్రం హీటర్‌ను పెంచాలో తగ్గించాలో తెలుసుకుంటుంది. అది లేకుండా నడపాలంటే ఎవరో ఒకరు పక్కనే నిలబడి చూసుకోవాలి, లేకపోతే బిడ్డ ఒళ్లు కాలిపోయే ప్రమాదం ఉంది. ఒక్క నర్సు అంతమంది పిల్లలను చూసే చోట అది అయ్యే పని కాదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేశారు. ఆ రాత్రి వచ్చిన ఇంకో పసిబిడ్డను అంబులెన్స్‌లో మహబూబ్‌నగర్ పంపించారు.

ఈ మాట నా మిత్రుడికి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. జడ్చర్ల దగ్గర చిన్న షెడ్డులో, ఆరుగురు పనివాళ్లతో అతను అలాంటి వార్మర్లే తయారు చేస్తాడు. ప్రోబ్ మార్చడం అతనికి అరగంట పని. కానీ ఆ యంత్రం అతనిది కాదు, దాని వారంటీ కాగితం వేరే కంపెనీ పేరు మీద ఉంది. అతను ముట్టుకోకూడదు, ఆస్పత్రి వాళ్లు ముట్టుకోనివ్వకూడదు.

ప్రభుత్వ ఆస్పత్రులకు పరికరాలు అమ్మడంలో చిన్న కంపెనీల కష్టాల గురించి మాట్లాడినప్పుడల్లా పెట్టుబడి లేదని, క్వాలిటీ లేదని, పోటీకి తట్టుకోలేరని చెప్పి ఊరుకుంటారు. అందులో కొంత నిజముంది. అయితే చిన్న కంపెనీకి ఉన్న ఒకే ఒక్క బలం, అంటే ఫోన్ చేస్తే రెండు గంటల్లో వచ్చి నిలబడగల దగ్గరితనం, మన టెండర్ లెక్కల్లో కనపడదు. మనం పెట్టెను కొంటున్నాం. ఆ పెట్టె ఎన్ని రోజులు నడిచిందో లెక్కగట్టి కొనడం లేదు. అసలు చిక్కు ఇక్కడుందని నా నమ్మకం.

మన దగ్గర గిరాకీకి కొదవలేదు. 2016కి ముందు ఉమ్మడి మహబూబ్‌నగర్, ఉమ్మడి నల్లగొండ జిల్లాల్లో ఒక్క ప్రభుత్వ వైద్య కళాశాల కూడా లేదు. 2016లో మహబూబ్‌నగర్, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి. 2024 నాటికే ఎనిమిది. పైగా బీబీనగర్‌లో ఎయిమ్స్. ప్రతి బోధనాస్పత్రికీ మానిటర్లు, సక్షన్ మెషిన్లు, ఫొటోథెరపీ లైట్లు, ఆపరేషన్ టేబుళ్లు కావాలి. తయారు చేయడానికి జడ్చర్ల ఉంది, దండుమల్కాపూర్‌లో చిన్న పరిశ్రమల పార్కు ఉంది, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో ఏకంగా వైద్య పరికరాల పార్కే ఉంది. కొనేవాళ్లూ, చేసేవాళ్లూ ఒకరికొకరు దగ్గర్లోనే ఉన్నారు. అయినా కలవడం లేదు.

టెండర్ పత్రం తెరిస్తే ఎందుకు కలవరో తెలుస్తుంది. గత మూడేళ్ల టర్నోవర్ ఇంత ఉండాలి. ఇదే పరికరాన్ని ఇంతకుముందు ప్రభుత్వ సంస్థలకు సప్లై చేసి ఉండాలి. కొన్నిసార్లు అమెరికా, యూరప్ ధ్రువపత్రాలు కూడా కావాలి. మొదటి ఆర్డర్ రావాలంటే ముందే ఒక ఆర్డర్ చేసి ఉండాలన్నమాట. ఇవన్నీ దాటాక మిగిలేది ఎల్-1, అంటే ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్లు. సర్వీస్ సెంటర్ ఉందా అనే గడి ఒకటి ఉంటుంది. హైదరాబాద్‌లో ఒక గది, ఒక ఫోన్ నంబర్ చూపిస్తే ఆ గడి నిండిపోతుంది. అచ్చంపేటకు ఎంతసేపట్లో మనిషి వస్తాడని అడిగే గడి మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు.

నాణ్యత నిబంధనల మీద నాకు ఫిర్యాదు లేదు. పసిబిడ్డ ఒంటికి తగిలే వస్తువుకు లైసెన్స్ ఉండాల్సిందే. 2017 వైద్య పరికరాల నియమాలు పరికరాలను ప్రమాదం తక్కువున్న ఎ నుంచి ఎక్కువున్న డి దాకా నాలుగు తరగతులు చేశాయి. ఎ తరగతిలో కొన్నిటిని మినహాయిస్తే ఎ, బి పరికరాలకు 2022 అక్టోబర్ నుంచి, సి, డి తరగతులకు 2023 అక్టోబర్ నుంచి లైసెన్స్ తప్పనిసరి అయింది. ఆ నియమాల్లో పెట్టిన తయారీ లైసెన్స్ ఫీజు చూస్తే ఎ, బి తరగతులకు 5,000 రూపాయలు, సి, డి తరగతులకు 50,000. ఇది పెద్ద భారమేమీ కాదు. భారమంతా ల్యాబ్ పరీక్షలది, నాణ్యతా వ్యవస్థను రాతపూర్వకంగా నడిపే మనిషి జీతానిది. అది కూడా మోయొచ్చు. ఇంత ఖర్చుపెట్టి లైసెన్స్ తెచ్చుకున్నవాడిని మళ్లీ టర్నోవర్ పేరుతో గేటు దగ్గరే ఆపడమే అన్యాయం.

ఇక డబ్బుల సంగతి. నా మిత్రుడికి కొన్నేళ్ల కింద ఒక ప్రభుత్వ ఆర్డర్ దక్కింది. అంకెలు గుండ్రం చేసి చెబుతాను. 40 వార్మర్లు, ఒక్కోటి 60,000. మొత్తం 24 లక్షలు. తయారీ ఖర్చు 21 లక్షలు, అదంతా బ్యాంకు అప్పు, 12% వడ్డీ. అంటే నెలకు 21,000. లాభం 3 లక్షలు. ఈ లెక్కన పద్నాలుగు నెలలు దాటితే లాభమంతా వడ్డీకే పోతుంది. అతనికి డబ్బు పదహారో నెలలో వచ్చింది. ఈలోపు బిల్లు రాసిన మరుసటి నెలే జీఎస్టీ చేతి నుంచి కట్టాడు, ఎందుకంటే పన్నుకు గడువు బిల్లు తేదీ నుంచే గానీ డబ్బు అందిన రోజు నుంచి కాదు. ఈ పదహారు నెలలూ యంత్రాల్లో ఏ చిన్న లోపం వచ్చినా సొంత బండి మీద వెళ్లి బాగుచేసి వచ్చాడు. "అన్నా, పైసలు రాకపాయె, ఫోన్ మాత్రం ఆగకపాయె" అన్నాడు ఒకసారి. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా వైద్య పరికరాల మీద జీఎస్టీ 12% నుంచి 5%కి దిగింది. రోగికీ ఆస్పత్రికీ మంచిదే. కానీ తయారీదారు కొనే స్టీలు రేకు, మోటార్లు, ఎలక్ట్రానిక్ బోర్డుల మీద ఎక్కువగా 18% ఉంటుంది. అదే ఆర్డర్ ఇప్పుడు వచ్చి, అందులో 14 లక్షల ముడిసరుకు ఉంటే 2.52 లక్షలు కట్టి కొనాలి, అమ్మకం మీద వసూలయ్యేది 1.20 లక్షలే. మిగతా 1.32 లక్షలు రీఫండ్ కోసం ఎదురుచూడాలి. పెద్ద కంపెనీ ఖాతాలో ఇదొక చిన్న పద్దు. ఆరుగురు పనివాళ్లున్న షెడ్డులో ఇది రెండు నెలల జీతాలు.

చట్టం లేదా అంటే ఉంది, అదీ గట్టిగానే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. సరుకు అందాక 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే స్వీకరించినట్టే లెక్క అని కూడా అందులో ఉంది. ఈ మాట చాలామంది తయారీదారులకే తెలియదు. టెండర్ షరతుల్లో మాత్రం ఇన్‌స్టలేషన్ సర్టిఫికెట్ మీద సంతకం పడితేనే గడియారం కదులుతుంది. సూపరింటెండెంట్ బదిలీ అయితే, స్టోర్ ఇన్‌చార్జి సెలవులో ఉంటే, గదిలో కరెంటు పాయింట్ పెట్టకపోతే, సంతకం వెనక్కి పోతుంది. యంత్రం మాత్రం అట్టపెట్టెలోనే పడి ఉంటుంది.

మరి ఇలాంటి బకాయిల గొడవలు తేల్చడానికి అదే చట్టం కింద ఉన్న కౌన్సిల్‌కు వెళ్లి ఫిర్యాదు చేయొచ్చుగా అంటారు. చేయొచ్చు. తీర్పు అనుకూలంగా వస్తే దాన్ని సవాలు చేయడానికి కొనుగోలుదారు 75% సొమ్ము ముందే డిపాజిట్ చేయాలి కూడా. కానీ రాష్ట్రంలో ఉన్న ఒకే పెద్ద కొనుగోలుదారు మీద కేసు వేసిన చిన్న తయారీదారు మళ్లీ అదే గడప తొక్కాలి. ఆ భయంతోనే ఎవరూ వెళ్లరు. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపన్ను చట్టంలో వచ్చిన 45 రోజుల నిబంధన ప్రైవేటు కంపెనీలను కదిలించింది. సకాలంలో కట్టకపోతే ఆ ఏడాది ఆ ఖర్చును వాళ్ల లెక్కలో ఒప్పుకోరు. ఆదాయపన్నే కట్టని ప్రభుత్వ ఆస్పత్రికి ఆ సెగ తగలదు.

కేంద్ర, రాష్ట్ర సంస్థల మధ్య తేడా చూడండి. బీబీనగర్ ఎయిమ్స్‌లో కేంద్ర ఆర్థిక నియమాలు నడుస్తాయి, వాటి ప్రకారం చిన్న తయారీ సంస్థలకు ఈఎండీ, అంటే టెండర్‌తో పాటు కట్టే ధరావతు నుంచి మినహాయింపు ఉంది. కేంద్ర శాఖలు తమ కొనుగోళ్లలో 25% చిన్న సంస్థల నుంచి కొనాలనే విధానమూ ఉంది. అక్కడి నుంచి నల్లగొండ ప్రభుత్వ ఆస్పత్రికి వస్తే ఆ 25% విధానం రాష్ట్రాన్ని కట్టిపడేయదు.

అధికారుల వైపు నుంచి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. చిన్న కంపెనీ మూతపడితే యంత్రాలు అనాథలవుతాయనే వాళ్ల భయం ఉత్తది కాదు. అలాంటివి జరిగాయి. కానీ ఏడాదిన్నర డబ్బు ఆపితే మూతపడక ఏమవుతుంది? ఆ భయానికి మందు టర్నోవర్ షరతులో లేదు, చెల్లింపు పద్ధతిలో ఉంది. దేశంలో 2015లో మొదలైన బయోమెడికల్ పరికరాల నిర్వహణ కార్యక్రమం ఒక కొలత పెట్టింది: జిల్లా ఆస్పత్రిలో పరికరాలు 95% సమయం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90%, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80% పనిచేస్తూ ఉండాలి. కొలబద్ద చేతిలోనే ఉంది. దాన్ని బిల్లుకు ముడిపెడితే చాలు. సరుకు అందిన 45 రోజుల్లో ఎక్కువ భాగం ఇచ్చేయాలి. మిగతాది మూడు నెలలకోసారి, యంత్రం నడిచిన రోజులను బట్టి ఇవ్వాలి. ఆ రోజుల లెక్క వార్డులో నర్సు రాసిన ఫిర్యాదు రిజిస్టర్ నుంచే రావాలి, కంపెనీ ఇంజనీర్ రిపోర్ట్ నుంచి కాదు. ప్రోబ్, ఫిల్టర్, బల్బు లాంటి విడిభాగాలు కొన్ని జిల్లా స్టోర్‌లో ముందే పెట్టాలని షరతు రాయాలి. ఇలా చేస్తే దూరంగా ఉన్న పెద్ద కంపెనీ కూడా మనిషిని దగ్గర పెట్టుకోక తప్పదు. పెట్టుకుంటే సంతోషమే, బిడ్డకు కావాల్సింది నడిచే యంత్రం.

2022లో తెరిచిన కళాశాలలకు మూడేళ్ల వారంటీతో కొన్న పరికరాలేవైనా ఉంటే వాటి గడువు ఇప్పటికే తీరింది. ఇక నిర్వహణ కాంట్రాక్టులు రాయాలి. ఈ మార్పు మొదలుపెట్టడానికి ఇంతకన్నా అదను దొరకదు. రెండు ఉమ్మడి జిల్లాల్లో, నాలుగైదు రకాల పరికరాలతో ఏడాది పాటు చేసి చూసినా చాలు.

నా మిత్రుడు ఆ ఆర్డర్ తర్వాత ప్రభుత్వ టెండర్ వేయలేదు. ఇప్పుడు కల్వకుర్తి, అచ్చంపేట, వనపర్తిలోని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లకే అమ్ముతున్నాడు. వాళ్లు వారం పదిరోజుల్లో డబ్బు ఇస్తారు. రాత్రి ఫోన్ చేసినా టూల్ బ్యాగు బండికి తగిలించుకుని బయల్దేరతాడు. దారిలో ప్రభుత్వ ఆస్పత్రి గేటు వస్తుంది. దాని ముందు నుంచే బండి పోనిస్తాడు.