సమ్మె ఎన్ని వారాలు గిట్టుబాటు?

నాలుగు వారాలు సమ్మె చేస్తే కార్మికుడికి ఏడాది జీతంలో 7.7 శాతం పోతుంది. యాజమాన్యం ముందు ఇస్తానన్నదానికంటే ఆ సమ్మె వల్ల 2 శాతం ఎక్కువ వచ్చిందనుకుందాం. ఏడాదికి అది దాదాపు ఒక వారం జీతం. అంటే పోయింది రాబట్టుకోవడానికే నాలుగేళ్లు కావాలి. మూడేళ్ల ఒప్పందమైతే గడువులోగా లెక్క తేలదు. అయినా కార్మికులు సమ్మెకు దిగుతారు. పెరిగిన సొమ్ము మూలవేతనంలో కలిసిపోతుంది, తర్వాతి బేరం అక్కడి నుంచే మొదలవుతుంది, ఓవర్‌టైం కూడా దానిమీదే లెక్కగడతారు.

చివరికి ఎక్కడ రాజీ పడతారో ఇద్దరికీ తెలిసినప్పుడు మొదటిరోజే సంతకాలు పెట్టేసి ఆ నష్టం తప్పించుకోవచ్చు కదా? బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ హిక్స్ 1932లో ఎత్తిచూపిన చిక్కు ఇది. జవాబు చాలావరకు ఖాతా పుస్తకాల్లో ఉంది. లాభాల్లేవని యాజమాన్యం అంటుంది, యూనియన్‌కు ఆ పుస్తకాలు కనిపించవు. నిజంగా నష్టాల్లో ఉన్న సంస్థ గేట్లు మూసుకుని ఓర్చుకోగలదు. చేతినిండా ఆర్డర్లున్న సంస్థ అలా ఉండలేదు, త్వరగా దిగివస్తుంది. అంటే సంస్థ అసలు పరిస్థితి యూనియన్‌కు తెలిసేది సమ్మె సాగిన తీరును బట్టే. ఇంత ఖరీదు పెట్టి తెలుసుకోవాల్సిన సంగతి ఇది కానే కాదు. బేరానికి ముందే ఆడిట్ చేసిన లెక్కలు యూనియన్ చేతికివ్వాలనే నిబంధన ఏ మధ్యవర్తిత్వంకన్నా ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

దాగి ఉండేవి యాజమాన్యం లెక్కలే కాదు, సభ్యుల మనసు విషయంలో యూనియన్ నాయకుల లెక్కా తప్పవచ్చు. 2024 సెప్టెంబరులో బోయింగ్‌లో 25 శాతం పెంపు ఒప్పందాన్ని యూనియన్ నాయకులే సిఫారసు చేస్తే, సభ్యులు దాదాపు 95 శాతం ఓట్లతో తోసిపుచ్చారు. సుమారు 33,000 మంది 53 రోజులు పని ఆపి, నాలుగేళ్లలో 38 శాతం పెంపు సాధించారు. 2014లో వదులుకున్న పాత పింఛను మాత్రం తిరిగి రాలేదు.

సమ్మె బలం మూడింటిమీద ఆధారపడుతుంది: గోదాములో సరుకు, బదులు పనివాళ్లు, సమ్మె రోజుల్లో సభ్యులను ఆదుకోవడానికి యూనియన్ దాచుకున్న సమ్మె నిధి. మూడు వారాల సరుకు నిల్వ ఉన్న సంస్థను రెండు వారాల సమ్మె పెద్దగా కదిలించదు. నిల్వలు పెట్టుకోని చోట కథ వేరు. 1998లో అమెరికాలోని ఫ్లింట్‌లో రెండు విడిభాగాల ప్లాంట్లలో 9,200 మంది పని ఆపితే, భాగాలు అందక ఉత్తర అమెరికాలో జనరల్ మోటార్స్ ఉత్పత్తి దాదాపు అంతా నిలిచిపోయింది. సమ్మె 54 రోజులు సాగింది.

బదులు పనివాళ్ల సంగతి చట్టం తేలుస్తుంది. ఆర్థిక డిమాండ్లపై సమ్మె చేసేవాళ్ల స్థానంలో శాశ్వతంగా కొత్తవాళ్లను పెట్టుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1938లో చెప్పింది. కెనడాలోని క్యూబెక్ 1977లో బదులు పనివాళ్లను నిషేధించింది. అలాంటి నిషేధం ఉన్నచోట జీతాలు పెరిగాయి, సమ్మెల ఖర్చూ పెరిగిందని కెనడా ఒప్పందాలపై జరిగిన పరిశోధన చూపింది. తప్పనిసరి రాజీ చర్చలు మాత్రం ఆ ఖర్చును పెద్దగా తగ్గించలేకపోయాయి. ఉద్యోగం పోతుందన్న భయం నడుమ జరిగేది బేరం అనిపించుకోదు కాబట్టి, ఆ ఖర్చు భరించైనా నిషేధం ఉండాలనే అంటాను.

సమ్మెకు దిగే ధైర్యం ఉద్యోగ భద్రతమీదా ఆధారపడుతుంది. కానీ తొలగింపు నుంచి రక్షణ ఇచ్చే చట్టాలపై వాదన, అవి నిరుద్యోగం పెంచుతాయా అంటూ తరచూ పక్కదారి పడుతుంది. పరిహారం, నోటీసు గడువు పెరిగితే తొలగింపులు తగ్గుతాయి, నియామకాలూ తగ్గుతాయి. నిరుద్యోగం నికరంగా ఎటు కదులుతుందో ముందే చెప్పలేం. అసలు హాని పర్మనెంట్‌కూ తాత్కాలికానికీ మధ్య అగాధం ఏర్పడినప్పుడు జరుగుతుంది. స్పెయిన్ పర్మనెంట్ ఉద్యోగుల రక్షణ అలాగే ఉంచి, 1984లో తాత్కాలిక ఒప్పందాలకు తలుపులు బార్లా తెరిచింది. 1990ల మొదట్లోకల్లా ఉద్యోగుల్లో మూడోవంతు తాత్కాలికులయ్యారు.

ఒకే యంత్రం దగ్గర పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిని ఊహించండి. సమ్మెకు ఓటేస్తే పర్మనెంట్ ఉద్యోగికి పోయేది కొన్ని వారాల జీతం. రెండోవాడి ఒప్పందం వచ్చే నెల ముగుస్తుంది. దాన్ని పొడిగించకపోవడానికి యాజమాన్యం కారణం కూడా చెప్పక్కర్లేదు. సమ్మె హక్కు అతనికీ కాగితంమీద ఉంది. స్పెయిన్ 2021 చివర్లో తాత్కాలిక ఒప్పందాలకు అనుమతించే కారణాలను బాగా కుదించాక వాటి వాటా గణనీయంగా పడిపోయింది. తొలగింపు పరిహారం మొదటి రోజు నుంచే కొద్దికొద్దిగా జమయ్యేలా అందరికీ ఒకే రకం ఒప్పందం ఉంటే, ఆ రెండోవాడు కూడా ఓటు పెట్టె దాకా రాగలడు.