శత్రువు కావలెను

చెన్నైలో చారిత్రక కట్టడాల గురించి బాధపడటం తేలికైన పని కాదు. బాధపడటానికి వెళ్ళిన చోట ముందు పార్కింగ్ దొరకాలి. అందుకే పెరంబూరు, కొళత్తూరు ప్రాంతాల తెలుగువాళ్ళం ఏడుగురం కలిసి, పార్కింగ్‌కి ఢోకా లేని చారిత్రక స్థలాన్ని వెతికి పట్టుకున్నాం. చోళవరం రన్‌వే.

మాధవరంలో నెల్లూరు బస్సెక్కి రెడ్‌హిల్స్ దాటాక ఆ ఊరొస్తుంది. సరిగ్గా ఆ సమయానికి బస్సులో సగం మంది నిద్రలోకి జారుకుంటారు, మిగతా సగం కండక్టరు దగ్గర చిల్లర కోసం పోరాడుతుంటారు. కాబట్టి రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ బ్రిటిష్ వైమానిక దళం స్థావరం ఉండేదన్న సంగతి మనవాళ్ళలో ఎవరికీ తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మా సమితికి ఇంకా పేరు పెట్టలేదు. పేరు మీదే మూడు మీటింగులు అయ్యాయి. ‘పరిరక్షణ’ అనాలా ‘సంరక్షణ’ అనాలా అన్న చోట ఆగింది. కోశాధికారి ఉన్నారు, కోశం లేదు. బ్యానరుంది, దాని మీద పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది. మీటింగు మా మేడ మీదే కాబట్టి వడలు కూడా ఉన్నాయి. లేనిదల్లా శత్రువు. ఇంగ్లండులో ఇలాంటి సమితులకి ఆ లోటు లేదు. అక్కడ యుద్ధకాలపు విమానాశ్రయం మీద ఇళ్ళు కడతామని ఒకడు వస్తాడు, వీళ్ళు అడ్డం పడతారు. మాకలా కాదు. చోళవరాన్ని కూలుస్తాం అని మా గుమ్మంలోకి వచ్చి చెప్పినవాడు ఇంతవరకూ ఒక్కడు లేడు. ముప్పు లేని ఉద్యమానికి చందా ఎవరిస్తారు?

ఈ గొడవ మనకెందుకు, తెల్లవాళ్ళ రన్‌వే కదా అనేవాళ్ళకి ఒక మాట. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడింది విశాఖపట్నం మీద, కాకినాడ మీద. ఆ వార్తతో మద్రాసులో జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకి పోయారు. బాంబు పడి బోనులు విరిగితే ప్రమాదమని పీపుల్స్ పార్కు జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చేశారు. తీరా చూస్తే ఆ ఏడాది మద్రాసుకి జపాన్ రాలేదు. 1943 అక్టోబరులో ఒకే ఒక్క విమానం వచ్చి హార్బరు వైపు బాంబులు వేసి వెళ్ళిపోయింది. ఆ యుద్ధంలో మద్రాసు తరఫున ప్రాణాలర్పించినవాళ్ళ జాబితా రాస్తే ముందు వరుసలో సింహాలు, పులులు ఉంటాయి. వాటికో శిలాఫలకం పెట్టాలని మా సమితిలో తీర్మానం వచ్చింది. దాన్ని తెలుగులో రాయాలా, తమిళంలో రాయాలా అన్న చోట అదీ ఆగింది.

ఆ భయంలోనే కోస్తా పొడుగునా రన్‌వేలు పుట్టుకొచ్చాయి. ఇక్కడ తాంబరం, చోళవరం. మన వైపు దొనకొండ, తాడేపల్లిగూడెం. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, కాంక్రీటు మిగిలింది. మన దేశంలో కాంక్రీటు ఊరికే ఉండదు, ఎవరో ఒకరికి ఉపయోగపడుతుంది. చోళవరం కార్ల రేసులకి పనికొచ్చింది. 1950ల నుంచి 1980ల దాకా దేశంలో మోటారు రేసులంటే చోళవరమే. ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ కూడా అంతే, 1943లో బాంబర్ల సిబ్బందికి శిక్షణ ఇచ్చిన చోట 1948లో గ్రాండ్ ప్రి పెట్టారు. సిల్వర్‌స్టోన్ పేరు ప్రపంచమంతా తెలుసు. చోళవరం పేరు చెబితే మా కోశాధికారి భార్య, “టోల్‌గేటు దగ్గరేనా అండీ?” అంది.

నేను చిన్నప్పుడు గూడూరు నుంచి నాన్నతో వచ్చి ఒక రేసు చూశాను. చూశాను అనడం పెద్ద మాట. నాన్న భుజాల మీద కూర్చుంటే నాకు కనిపించింది ఎర్రటి దుమ్ము, ఆ దుమ్ములోంచి ఒక చప్పుడు. చప్పుడు ఎడమ నుంచి కుడికి పోయింది. నాన్న, “చూశావా?” అన్నాడు. చూశానన్నాను. పక్కనే ఒకాయన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతుంటే కొనిచ్చాడు. ఆ తర్వాత 1990లో రేసులు ఇరుంగాట్టుకోట్టైకి, కొత్తగా కట్టిన ట్రాక్‌కి వెళ్ళిపోయాయి. చోళవరాన్ని కాపాడే ఆ దుమ్ము కూడా పోయింది.

మా సమితి కాపాడదలచిన రెండో స్థావరం ఒకటుంది. దాని మీద నిలబడి ఫొటో దిగడం మాత్రం కుదరదు. అది రెడ్‌హిల్స్ చెరువు. నేను వేళాకోళం ఆడటం లేదు. 1942 నుంచి యుద్ధం చివరిదాకా బ్రిటిష్ వైమానిక దళం వారి కాటలినా విమానాలు ఆ చెరువులోనే దిగేవి, ఆ చెరువులోంచే లేచేవి. అడుగు భాగం పడవలా ఉంటుంది, రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకి 104 అడుగులు. ఒకసారి లేస్తే దాదాపు రోజంతా గాలిలో ఉండగలవు. బంగాళాఖాతం మీద జలాంతర్గాముల కోసం వెతికేవి, బర్మా తీరంలో గుట్టుగా మనుషుల్ని దించి వచ్చేవి. మద్రాసు జనం తాగే నీళ్ళలో ఇదంతా జరిగింది.

ఇప్పుడూ ఆ నీళ్ళే తాగుతున్నాం, కాకపోతే కొన్ని మన వైపు నుంచి వస్తున్నాయి. 1983 ఒప్పందం ప్రకారం 15 టీఎంసీల కృష్ణా జలాలు చెన్నై కోసం కేటాయించారు. అవి కండలేరు నుంచి పూండికి, పూండి నుంచి రెడ్‌హిల్స్‌కి వస్తాయి. అంటే శ్రీశైలంలో బయల్దేరిన నీరు కాటలినాలు దిగిన చోట కాసేపు ఆగి మన కుళాయిలోకి వస్తుందన్నమాట. ఇది విని మా అధ్యక్షులవారు చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. తర్వాత, “అయితే ఆ రన్‌వేలో మనకి వాటా ఉందన్నమాట” అన్నారు.

ఈ స్థావరం ఇన్నాళ్ళూ చెక్కుచెదరకుండా ఎందుకుందో ఆలోచించండి. మీద నీళ్ళున్నాయి కాబట్టి. చెరువులో ప్లాట్లు వేయడం రాక కాదు, వేళచ్చేరి, పళ్ళికరణై చూసినవాళ్ళెవరూ ఆ విద్యలో ఈ నగరాన్ని తక్కువ చేసి మాట్లాడరు. రెడ్‌హిల్స్‌లో ప్లాట్లు వేస్తే మిగతా ప్లాట్లకి నీళ్ళుండవు, అంతే. 2019 వేసవిలో ఆ చెరువు ఎండిపోయింది. నగరానికి జోలార్‌పేట నుంచి రైలుతో నీళ్ళు తెచ్చిన ఏడాది అది. బిందెలు పట్టుకుని లారీ వెనకాల పరిగెత్తే హడావిడిలో ఒక చారిత్రక ఘట్టాన్ని ఎవరూ గమనించలేదు. నీళ్ళ మీద దిగే విమానాల స్థావరం ఆ వేసవిలో నేల మీద దిగే విమానాలకి కూడా అనువుగా తయారైంది.

ఇంగ్లండువాళ్ళు మనకంటే ఏదో ఎక్కువ కాపాడుకున్నారని కాదు. డక్స్‌ఫర్డ్‌ని మ్యూజియం చేశారు, నిజమే. హెండన్‌లో మాత్రం ఒక మూల వైమానిక మ్యూజియం ఉంచి, మిగతా ఎయిర్‌ఫీల్డ్‌లో కాలనీ కట్టారు. గ్రీనమ్ కామన్ రన్‌వేని పగలగొట్టి ఆ కంకరని న్యూబరీ బైపాస్ రోడ్డుకి వాడుకున్నారు. రన్‌వేని రోడ్డు చేయడం మన ఆర్‌అండ్‌బీ కాంట్రాక్టర్లకి కూడా తోచని ఆలోచన. బెర్లిన్‌లో టెంపెల్‌హోఫ్ విమానాశ్రయాన్ని 2008లో మూసేస్తే, దాని మీద ఇళ్ళు వద్దని 2014లో జనం ఓట్లేసి మరీ గెలిపించుకున్నారు. ఇప్పుడక్కడ రన్‌వే మీద సైకిళ్ళు తొక్కుతారు, గాలిపటాలు ఎగరేస్తారు. ఖాళీ స్థలాన్ని ఖాళీగా ఉంచమని ఓటేసే జనం ఉంటారని చెబితే మా సమితిలో ముగ్గురు నమ్మలేదు.

మన దగ్గర ఉద్యమాలు లేవా అంటే ఉన్నాయి, తలకిందులుగా. చెన్నైకి రెండో విమానాశ్రయం పరందూరులో కడతామని 2022లో ప్రకటించిన దగ్గర్నుంచి ఏకనాపురం రైతులు వద్దని పోరాడుతూనే ఉన్నారు. కారణం చెరువులు, పొలాలు పోతాయని. వాళ్ళేమో చెరువు మీద రన్‌వే వద్దంటున్నారు. మేమేమో చెరువులో ఉన్న రన్‌వేని కాపాడాలంటున్నాం. ఒకరోజు వాళ్ళ దగ్గరికి వెళ్ళి సంఘీభావం తెలుపుదామని ఒకరు సూచించారు. ఏం చెప్పి తెలుపుతాం అని ఇంకొకరు అడిగారు. వడలు వచ్చాయి.

ఇక శత్రువు విషయం. బయట దొరకనప్పుడు ఇంట్లోనే వెతుక్కోవాలి కదా. మా బావమరిది సూళ్ళూరుపేట నుంచి గుమ్మిడిపూండి దాకా ప్లాట్లు వేసి అమ్ముతాడు. పిలిచి విషయం చెప్పాను. “ఒరే, మాకు ముప్పు కావాలి. నువ్వు ఆ రన్‌వే మీద వెంచర్ వేస్తున్నట్టు ఒక బ్రోచర్ కొట్టించు చాలు, మేం ధర్నా చేస్తాం.”

“ఏంది బావా, అది మనది కాదు కదా” అన్నాను నేనే మళ్ళీ, అతను అంటాడని ఎదురుచూసి, అతను అనకపోయేసరికి.

“నేను అమ్మిన వాటిలో మనవెన్ని ఉన్నాయి బావా?” అన్నాడు.

నా దగ్గరున్న పాత నమూనా చూపించాను. అది చోళవరానిది కాదు. యుద్ధకాలంలో బ్రిటిష్‌వాళ్ళు ‘ఏ క్లాస్’ అని పెట్టుకున్న కొలతలు. ఒక పెద్ద రన్‌వే 2,000 గజాలు, రెండు చిన్నవి 1,400 గజాల చొప్పున, అన్నిటి వెడల్పూ 50 గజాలు. మూడూ ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి. మావాడికి చోళవరం వెళ్ళి చూడాల్సిన అవసరం కనిపించలేదు. టీపాయ్ మీదున్న పెళ్ళి శుభలేఖ తిరగేసి వెనక లెక్క మొదలెట్టాడు. పెద్దదాన్ని అడుగుల్లోకి మార్చాడు, 6,000 ఇంటూ 150. గ్రౌండుకి 2,400 చదరపు అడుగుల చొప్పున 375 గ్రౌండ్లు. చిన్నవి రెండూ కలిపి 525. మొత్తం 900 గ్రౌండ్లు. కింద రెండు గీతలు గీసి పెన్ను క్యాప్ పెట్టాడు. ఎనభై ఏళ్ళుగా సైనిక చరిత్రకారులు చేయలేని పని అది, ఆ మొత్తం యుద్ధాన్ని గ్రౌండ్లలోకి మార్చడం.

“ఒకదాన్నొకటి కోసుకునే చోట రెండుసార్లు లెక్కేశావు” అన్నాను.

“అక్కడ డబుల్ రిజిస్ట్రేషన్ చేద్దాం” అన్నాడు.

బ్రోచర్ వచ్చింది. ముఖచిత్రం మీద విమానం, విమానం కింద డూప్లెక్స్ ఇల్లు, ఇంటి ముందు నవ్వుతున్న కుటుంబం. మా సమితిలో ఉత్సాహం ఉప్పొంగింది. ధర్నాకి తేదీ పెట్టాం, పేరు లేని బ్యానరే కట్టుకుందామని కూడా ఒప్పేసుకున్నాం. వారం తిరక్కుండా బావమరిది ఫోన్ చేశాడు, గొంతులో టెన్షన్. వెంచర్ ఆపేస్తున్నాడట. ఎవరూ అడ్వాన్సు ఇవ్వడం లేదట. మేం ధర్నా చేయబోతున్నామన్న భయం వల్ల కాదు. ప్లాను చూసినవాళ్ళంతా ఒకటే మాట. “మూడు మూలల స్థలమండీ, పైగా వాయవ్యం పెరిగింది.”

రన్‌వేని ఎప్పుడూ గాలి వాలు చూసి వేస్తారు, విమానం గాలికి ఎదురుగా లేవాలి కాబట్టి. ఆ సంగతి బావమరిదికి చెప్పాను. వాయవ్యానికి అధిపతి వాయుదేవుడే కదా, ఆ ఇంజనీర్లు తెలియకుండానే ఆయన దిక్కు పెంచి ఉంటారు, అందులో తప్పేముంది అన్నాను. కొనేవాళ్ళకి అది చెప్పుకో బావా, అన్నాడు. ఆ సాయంత్రం మా సమితి ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది, పుట్టాక అదే మొదటిది. చట్టం, ప్రభుత్వం, పురావస్తు శాఖ ఏవీ పట్టించుకోని యుద్ధకాలపు రన్‌వేని కాపాడినందుకు వాస్తుశాస్త్రానికి కృతజ్ఞతలు. శత్రువు మళ్ళీ పోయాడు కాబట్టి ధర్నా రద్దు.

అయితే మా బావమరిదిని తక్కువ అంచనా వేశాను. “దోషమున్నాక పరిహారం ఉండదా బావా?” అని మొన్న ఆదివారం సూళ్ళూరుపేట నుంచి ఒక సిద్ధాంతిగారిని కారులో ఎక్కించుకుని వచ్చాడు. సాక్షిగా నన్నూ లాక్కెళ్ళాడు. చోళవరం దగ్గర రోడ్డు పక్కన దిగాం. ఎండ మాడుతోంది. సిద్ధాంతిగారు ముందు ఫోన్ తీసి దిక్సూచి చూశారు, సిగ్నల్ లేదని జేబులో పెట్టేశారు. ఉత్తరీయం సర్దుకుని, చూపుడు వేలు నోట్లో తడిపి పైకెత్తి పట్టుకున్నారు.

“నాయనా, ఇక్కడ గాలి ఎటు నుంచి ఎటు వీస్తుంది?” అన్నారు.

“టోల్‌గేటు నుంచి రెడ్‌హిల్స్ వైపుకండీ” అన్నాడు బావమరిది.