ఐసీయూ తలుపు దగ్గర ఆ పది నిమిషాలు

ఐసీయూలో మనిషి పోయిన ఇంట్లో అందరికంటే ముభావంగా ఉండేది చికిత్స కాగితాలపై సంతకం పెట్టిన మనిషే. నాలుగు ఇంగ్లిషు ముక్కలు వచ్చు కాబట్టి కాగితం తన ముందుకే వచ్చిన కొడుకో కూతురో. పెద్దకర్మ అయిపోతుంది, చుట్టాలు బస్సెక్కుతారు. 'వెంటిలేటర్ వద్దనాల్సిందా? ఇంకో రెండు రోజులు ఉంచాల్సిందా?' ఎదురుబొదురుగా ఉన్న ఈ రెండు ప్రశ్నలూ ఆ ఒక్కరినే రాత్రిళ్లు నిద్రపోనివ్వవు.

కాలమే మాన్పుతుందంటారు. నేనొప్పుకోను. ఈ గాయంలో చాలా భాగం ఐసీయూ తలుపు దగ్గరే పడుతుంది, అక్కడే తగ్గించొచ్చు కూడా. ఫ్రాన్స్‌లో 22 ఐసీయూల్లో, చివరి దశలో ఉన్న 126 మంది రోగుల కుటుంబాలపై చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. కొందరితో మామూలుగానే మాట్లాడారు. మిగతావాళ్లను పద్ధతిగా కూర్చోబెట్టి మాట్లాడి, మరణం గురించి ఓ చిన్న పుస్తకం ఇచ్చారు. 90 రోజుల తర్వాత చూస్తే పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వెంటాడే మానసిక వేదన) లక్షణాలు మొదటి వర్గంలో 69 శాతం మందిలో, రెండో వర్గంలో 45 శాతం మందిలో కనిపించాయి. సమావేశం 20 నిమిషాల నుంచి 30కి పెరిగిందంతే. అయితే అందులో ఇంటివాళ్లు మాట్లాడింది 5 నిమిషాల నుంచి 14కి పెరిగింది. అంటే అదనపు సమయమంతా దాదాపు డాక్టర్లు వినడానికే పోయింది!

మన దగ్గర 'కౌన్సెలింగ్' ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. మైకులో పేషెంటు పేరు పిలుస్తారు. నాన్న కళ్లజోడు, పళ్లసెట్టు ఉన్న ప్లాస్టిక్ కవరు పట్టుకుని కొడుకు పరిగెత్తుతాడు. నిలబెట్టి మాట్లాడుతూ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో, బీపీ మందు ఎంత పెంచారో చెబుతారు. 'క్రిటికలే, మా ప్రయత్నం మేం చేస్తున్నాం. ఇక్కడ సంతకం పెట్టండి.' ఆయన ఎలాంటి మనిషి, ఏం కోరుకునేవాడు అని అడిగే నాథుడుండడు.

డాక్టర్లకు తీరిక లేదన్నది నిజమే, వాళ్లపై దాడుల భయమూ నిజమే. కానీ మనం అడుగుతున్నది పది నిమిషాలు. దానికి బదులు మనిషి పోయాక డాక్టర్లు ఇంటివాళ్లకు సానుభూతి ఉత్తరం రాస్తే సరిపోతుందా అని అదే ఫ్రాన్స్‌లో పరీక్షించి 2017లో ఫలితం చెప్పారు: దుఃఖం తగ్గలేదు.

తప్పంతా ఆస్పత్రిదే అననివ్వను. చావు మాటెత్తితే 'అపశకునం, నోర్ముయ్' అనే ఇళ్లు మనవి. లివింగ్ విల్ (చివరి దశలో ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టే కాగితం) చెల్లుతుందని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. 2023లో దాన్ని సులువు చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలంది. పొలం కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో పిల్లలకు చెప్పే తండ్రి, 'నన్ను గొట్టాలతో ఉంచొద్దురా' అనో 'చివరిదాకా చూడండిరా' అనో కూడా రాసిపెట్టాలి. అప్పుడు ఆ కొడుకు పెట్టే సంతకం తన తీర్పు కాదు, నాన్న చెప్పిన మాట.